కాంగ్రా లోయ నుంచి మన ఉప్పు డబ్బా దాకా... డాక్టర్ రామలింగస్వామి

జల్‌పల్లి నుంచి ఒక కుటుంబం హైదరాబాద్‌లోని పెద్దాసుపత్రికి వచ్చిందనుకుందాం. ఇంటి కోడలికి నాలుగు నెలలుగా గుండెదడ. చేతులు వణుకుతున్నాయి. ఆకలి బాగానే ఉంది, తింటోంది, అయినా బరువు తగ్గిపోతోంది. చలికాలంలోనూ చెమటలు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ బాగా తక్కువగా వచ్చింది. డాక్టరు చీటీ మీద థైరాయిడ్ స్కాన్ అని రాసి న్యూక్లియర్ మెడిసిన్ విభాగానికి వెళ్లమన్నారు. గుమ్మం మీద ఆ బోర్డు, పక్కనే పసుపు రంగులో మూడు రెక్కల గుర్తు చూడగానే అత్తగారి కాళ్లు అక్కడే ఆగిపోతాయి. న్యూక్లియర్ అంటే ఆవిడకి తెలిసింది బాంబు ఒక్కటే.

లోపల జరిగేది అంత భయపడాల్సిందేమీ కాదు. చాలా కొద్ది మోతాదులో రేడియోధార్మిక పదార్థాన్ని మాత్రగానో, ద్రవంగానో, సూదిమందుగానో ఇస్తారు. కొంతసేపటికి మెడ ముందు కెమెరా పెట్టి, థైరాయిడ్ గ్రంథి దాన్ని ఎంత లాక్కుందో కొలుస్తారు. అయోడిన్‌తో చేసే పరీక్షలో మామూలు గ్రంథి ఒక రోజులో సుమారు 10 నుంచి 30 శాతం దాకా తీసుకుంటుంది. అంతకు మించి లాక్కుంటే గ్రంథి అతిగా పనిచేస్తోందని ఒక అనుమానం. రక్తంలో హార్మోను ఎక్కువగా ఉండి కూడా గ్రంథి దాదాపు ఏమీ తీసుకోకపోతే అది వాపు వల్ల, నిల్వ ఉన్న హార్మోను బయటికి కారిపోవడం వల్ల కావచ్చు. రెండింటికీ వైద్యం వేరు. ఒకదానికి ఇచ్చే మందు రెండోదానికి పనికిరాదు. అందుకే ఈ స్కాన్. గర్భిణులకు ఇది చేయరు, పాలిచ్చే తల్లులైతే ముందే చెప్పాలి, వాడుతున్న మందుల సంగతీ చెప్పాలి.

గ్రంథికి అయోడిన్ ఆకలి ఎంత ఉంది? స్కాన్ అడిగే ప్రశ్న ఇంతే. ఇదే ప్రశ్నను ఒక తెలుగు డాక్టరు అరవై ఏళ్ల కిందట ఒక రోగి గురించి కాదు, హిమాలయాల అడుగున బతికే లక్షల మంది గురించి అడిగారు. ఆయన పేరు వులిమిరి రామలింగస్వామి. ఆయనకు దొరికిన జవాబు ఇవాళ మన వంటింట్లో ఉప్పు డబ్బాలో ఉంది. దేశం ఆయన్ని గుర్తుపెట్టుకున్నంతగా మన తెలుగువాళ్లం గుర్తుపెట్టుకోలేదేమో అనిపిస్తుంది.

ఉప్పు మళ్ల జిల్లా నుంచి

రామలింగస్వామి 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టారు. ఆ జిల్లాలో సముద్రం ఒడ్డున నౌపడ దగ్గర ఉప్పు మళ్లు ప్రసిద్ధి. ఉప్పుతో ముడిపడిన జీవితం ఉప్పు పండే జిల్లాలో మొదలవడం యాదృచ్ఛికమే అయినా, చెప్పుకోవడానికి బాగుంటుంది. ఇక్కడే ఒక అపోహ కూడా తీర్చుకుందాం. సముద్రం నుంచి తీసిన ఉప్పు కదా, అయోడిన్ దండిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. సముద్రపు చేపల్లో ఉంటుంది, నాచులో ఉంటుంది. ఎండలో ఆరబెట్టి తీసిన ఉప్పులో మాత్రం మన అవసరానికి సరిపడా మిగలదు. విడిగా కలపాల్సిందే.

విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో 1944లో ఎంబీబీఎస్, 1946లో ఎండీ పూర్తిచేశారు. ఆ తర్వాత ఆయన దారి చాలామంది డాక్టర్ల దారిలా సాగలేదు. ఊళ్లో బోర్డు కట్టి ప్రాక్టీసు పెట్టలేదు. నీలగిరి కొండల్లో కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనశాలలో పాథాలజిస్టుగా చేరారు. జబ్బు వల్ల శరీర కణజాలంలో ఏం మార్పులు వస్తాయో మైక్రోస్కోపు కింద చూసి చెప్పే శాస్త్రం అది. 1951లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి డీఫిల్ అందుకున్నారు. తిండి చాలక పిల్లల శరీరం ఎలా దెబ్బతింటుందన్నది ఆ రోజుల్లో ఆయన చూసిన ముఖ్య విషయం. కూనూరు ప్రయోగశాల 1958లో హైదరాబాద్‌కి తరలివచ్చింది. ఇవాళ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. అంటే ఆయన పనిచేసిన ప్రయోగశాల మన ఊరికి వచ్చింది గానీ, అప్పటికే ఆయన ఢిల్లీ చేరిపోయారు.

గిల్గిట్ నీళ్ల కథ

కూనూరు ప్రయోగశాలను స్థాపించిన రాబర్ట్ మెక్‌కారిసన్ కథ తెలియకపోతే రామలింగస్వామి చేసిన పని విలువ తెలియదు. మెక్‌కారిసన్ బ్రిటిష్ సైనిక వైద్యుడు. గత శతాబ్దం మొదట్లో కశ్మీర్‌కు ఉత్తరాన గిల్గిట్‌లో ఉండేవారు. అక్కడ ఊళ్లకు ఊళ్లు మెడ కింద గడ్డలతో కనిపించేవి. గాయిటర్ అంటే అదే. మనవాళ్లు గలగండం అనేవారు.

గిల్గిట్‌లో ఒకే కాలువ పక్కన వరసగా ఊళ్లు ఉన్నాయి. పై ఊరు వాడి వదిలిన నీళ్లే కింది ఊరికి వస్తాయి. కిందికి వెళ్లేకొద్దీ గడ్డలున్నవాళ్లు పెరుగుతున్నారని మెక్‌కారిసన్ గమనించారు. నీటిలోని మురికే కారణమై ఉంటుందనుకున్నారు. అనుకుని ఊరుకోలేదు. ఆ నీటి అడుగున తేరిన మడ్డిని తానే తాగారు, కొందరు వలంటీర్లూ తాగారు. ఆయనతో సహా కొందరికి థైరాయిడ్ ఉబ్బింది. అదే మడ్డిని మరగకాచి తాగినవాళ్లకు ఉబ్బలేదు. ఇంకేం, ఇది నీటి ద్వారా వచ్చే క్రిముల జబ్బేనన్న అభిప్రాయానికి బలం దొరికింది.

ఆ పరిశీలన నిజమే, కానీ అసలు కారణం అది కాదు. హిమాలయాల్లో వేల ఏళ్లుగా మంచు కరిగి, వానలు కురిసి, నేల పైపొరలోని అయోడిన్ కొట్టుకుపోయింది. నేలలో లేనిది నీళ్లలో ఉండదు, పంటలో ఉండదు, ఆ పంట తిన్న మనిషి ఒంట్లోనూ ఉండదు. ముందే కొరతతో ఉన్న గ్రంథిని కలుషితమైన నీరు మరికాస్త ఇబ్బంది పెట్టి ఉండొచ్చు. మూలం మాత్రం కొరతే. స్విట్జర్లాండ్‌లో, అమెరికాలో 1920ల నాటికే ఉప్పులో అయోడిన్ కలపడం మొదలైంది. మన దేశంలో మాత్రం ఇది క్రిముల వల్లనా, నీళ్లలోని సున్నం వల్లనా, లేక నిజంగా అయోడిన్ లేకపోవడం వల్లనా అన్న చర్చ చాలాకాలం సాగుతూనే ఉంది. మురికే కారణమైతే బావులు బాగుచేయాలి. కొరతే కారణమైతే ఉప్పు మార్చాలి. ఖర్చు పెట్టే ప్రభుత్వానికి తేడా తెలియాలి కదా.

అయోడిన్‌కి దీపం కట్టి పంపితే

తేడా తేల్చడానికి పనికొచ్చిన పనిముట్టు అమెరికాలోని బోస్టన్ నగరంలో పుట్టింది. 1936 నవంబరులో ఒక మధ్యాహ్నం వైద్యుల కోసం ఒక భౌతిక శాస్త్రవేత్త ఉపన్యాసం ఇచ్చారు. అది విన్న మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి థైరాయిడ్ డాక్టరు సాల్ హెర్ట్జ్ ఒక ప్రశ్న వేశారు. అయోడిన్‌ని కృత్రిమంగా రేడియోధార్మికంగా మార్చగలమా అని. మార్చవచ్చని జవాబు వచ్చింది. మొదట కుందేళ్ల మీద, 1941లో మనుషుల మీద ఆ అయోడిన్ వాడారు. న్యూక్లియర్ మెడిసిన్ అనే శాఖ అలా మొదలైన కొన్ని అడుగుల్లో ఇదొకటి. థైరాయిడ్ గ్రంథికి మామూలు అయోడిన్‌కీ, రేడియోధార్మిక అయోడిన్‌కీ తేడా తెలియదు. రెండింటినీ ఒకేలా లాక్కుంటుంది. చీకట్లో నడిచే మనిషి చేతికి చిన్న దీపం ఇస్తే ఎటు వెళ్తున్నాడో దూరం నుంచే కనిపించినట్టు, ఆ అయోడిన్ ఎక్కడికి పోతోందో బయట నుంచి కొలవొచ్చు.

అదే ఆసుపత్రికి చెందిన జాన్ స్టాన్‌బరీ 1951లో రేడియోధార్మిక అయోడిన్ పట్టుకుని దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల పక్కనున్న మెండోజాకి వెళ్లారు. ఈ పదార్థంతో ఒక చిక్కుంది. అయోడిన్-131 శక్తి ప్రతి ఎనిమిది రోజులకీ సగమైపోతుంది. దాచుకుందామంటే కుదరదు. వచ్చింది వచ్చినట్టే వాడాలి. మెండోజాలో గడ్డలున్నవాళ్ల గ్రంథి అయోడిన్‌ని మామూలు కంటే ఎన్నో రెట్లు ఆత్రంగా లాక్కుంటోందని స్టాన్‌బరీ చూపించారు. గ్రంథి జబ్బుపడి ఉబ్బడం లేదు. ఆకలితో ఉబ్బుతోంది. కొద్దిపాటి అయోడిన్ ఒక్క బొట్టూ వదలకూడదని తన గోడలు తానే పెంచుకుంటోంది.

రామలింగస్వామి 1957లో ఢిల్లీ ఎయిమ్స్‌లో పాథాలజీ ప్రొఫెసర్‌గా చేరారు. ఆ సంస్థకి అప్పటికి ఏడాది వయసు. ఆయనా, ఆయన బృందమూ హిమాలయ ప్రాంతపు గాయిటర్‌ను అన్ని వైపుల నుంచీ పరిశీలించారు. మూత్రంలో అయోడిన్ ఎంత పోతోంది? చాలా తక్కువ. గ్రంథి రేడియోధార్మిక అయోడిన్‌ని ఎంత లాక్కుంటోంది? చాలా ఎక్కువ. లోపలికి వచ్చేది చాలకపోతే ఏ ఇంటి యజమాని అయినా చేసే పని ఇదే. ఖర్చు తగ్గించుకుంటాడు, వచ్చినదాన్ని గట్టిగా పట్టుకుంటాడు. 1961లో లాన్సెట్ పత్రికలో వాళ్ల వ్యాసం అచ్చయింది. హిమాలయ గాయిటర్‌కు ప్రధాన కారణం అయోడిన్ కొరతేనని తేలింది.

మన దేశంలో న్యూక్లియర్ మెడిసిన్ అడుగులు వేస్తున్న రోజులవి. ట్రాంబేలో అప్సర రియాక్టర్ 1956లో పనిచేయడం మొదలుపెట్టింది. బొంబాయిలో రేడియేషన్ మెడిసిన్ సెంటర్ 1963లో వచ్చింది. 1967లో ఈ రంగంలోని వాళ్లు కలిసి సొసైటీ ఆఫ్ న్యూక్లియర్ మెడిసిన్ పెట్టుకున్నారు. రామలింగస్వామి ఆ శాఖ డాక్టరు కాదు, పాథాలజిస్టు. కానీ ఆ శాఖ చేతికిచ్చిన పనిముట్టును ఆసుపత్రి గదిలోంచి తీసి ఊళ్ల సమస్యకి వాడిన తొలితరం వాళ్లలో ఆయన ఒకరు. ఈ సంగతి స్కాన్ గది ముందు కూర్చున్న వాళ్లకి ఎవరూ చెప్పరు.

మూడు మండలాలు, మూడు ఉప్పులు

కారణం తెలిసింది. ఉప్పుతో తగ్గుతుందా? మన ఉప్పు విదేశాల ఉప్పులా పొడిగా, శుభ్రంగా ఉండేది కాదు. తడిగా, ముతకగా, గోనె సంచుల్లో గూడ్సు బండ్ల మీద వెళ్లేది. వానలో తడిసేది. కలిపిన అయోడిన్ దారిలోనే ఆవిరైపోతే చేసిన ఖర్చు గంగలో పోసినట్టే.

ఇందుకోసమే కాంగ్రా లోయ ప్రయోగం. ఇప్పుడది హిమాచల్‌ప్రదేశ్‌లో ఉంది, అప్పట్లో పంజాబ్. లక్ష మందికి పైగా జనాభాను మూడు మండలాలుగా విభజించారు. మొదటి మండలానికి పొటాషియం అయొడైడ్ కలిపిన ఉప్పు, మూడోదానికి పొటాషియం అయొడేట్ కలిపిన ఉప్పు. రెండో మండలానికి మామూలు ఉప్పే. 1956లో బడిపిల్లల మెడలు పరీక్షించినప్పుడు మూడు చోట్లా నూటికి 38 మందికి అటూ ఇటుగా గాయిటర్ ఉంది. ఆ తర్వాత ఎవరికీ మాత్రలు లేవు, సూదులు లేవు, పత్యాలు లేవు. జనం ఎప్పటిలాగే వండుకున్నారు, తిన్నారు.

1962లో మళ్లీ మెడలు చూశారు. అయోడిన్ ఉప్పు అందిన రెండు మండలాల్లో జబ్బు సగానికో, అంతకంటే కిందికో దిగింది. మామూలు ఉప్పు తిన్న మండలంలో ఉన్నచోటే ఉంది. అప్పటి నుంచి ఆ మండలానికీ అయోడిన్ ఉప్పు ఇచ్చారు. 1968 నాటికి అక్కడా తగ్గింది. తేమకీ ఎండకీ అయొడేట్ బాగా తట్టుకుంటుందన్నది మరో లాభం. ఇవాళ మన ప్యాకెట్లలో ఉండేది అదే.

ఒక మాట చెప్పుకోవాలి. అయోడిన్ మంచిదని ప్రపంచంలో మరోచోట తెలిసిన తర్వాత కూడా ఒక మండలాన్ని ఆరేళ్లు మామూలు ఉప్పుతో ఉంచడం ఇవాళ చదువుతుంటే ముల్లులా గుచ్చుకుంటుంది. ఈనాటి పరిశోధన నియమాల కింద అలాంటి ప్రయోగానికి అనుమతి దొరకడం కష్టం. అప్పుడు ఆ పోలిక లేకపోతే తగ్గడానికి వేరే కారణాలున్నాయనేవాళ్లు, దేశమంతటికీ ఉప్పు మార్చే నిర్ణయం ఇంకా ఆలస్యమయ్యేది. రెండు మాటలూ నిజమే. ఆ ఆరేళ్లలో రెండో మండలంలో గర్భవతులైన తల్లులు గుర్తొస్తే మాత్రం లెక్క అంత తేలిగ్గా సరిపోదు.

తల్లుల మాట ఎందుకంటే, గాయిటర్ అందానికి సంబంధించిన సమస్య అనుకుంటే పొరపాటు. మెడ మీద గడ్డ పైకి కనిపించేది మాత్రమే. గర్భంలో బిడ్డ మెదడు తయారవుతున్నప్పుడు థైరాయిడ్ హార్మోను చాలకపోతే ఆ నష్టం తర్వాత ఏ మందుతోనూ పూడదు. కొండ ఊళ్లలో వినికిడి లేని, మాట రాని, ఎదుగుదల ఆగిపోయిన పిల్లలు కుటుంబానికొకరు అన్నట్టు కనిపించేవాళ్లు. వాళ్లని చూసి జనం కర్మ అనుకునేవాళ్లు. పైకి మామూలుగా కనిపిస్తూ, చదువులో కాస్త వెనకబడే పిల్లలు ఇంకెంతమందో.

ఆసుపత్రి గోడ దాటి

కాంగ్రా ఫలితాలతో 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. కాగితం మీద బాగుంది. ఆచరణలో ఇరవై ఏళ్లు నత్తనడక నడిచింది. అయోడిన్ కలిపే కర్మాగారాలు చాలలేదు. కొండ ప్రాంతాలకే ఉప్పు పంపాలన్నారు, అదీ సరిగ్గా అందలేదు. పక్కనే దొరికే మామూలు ఉప్పు చవక. ప్రయోగశాలలో గెలిచిన శాస్త్రం కిరాణా కొట్టులో ఓడిపోయింది.

ఈలోగా రామలింగస్వామి పెద్ద పదవుల్లోకి వెళ్లారు. 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం. 1969 నుంచి పదేళ్లు ఎయిమ్స్ డైరెక్టర్. 1976లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి లియాన్ బెర్నార్డ్ బహుమతి. 1979 నుంచి 1986 దాకా భారత వైద్య పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్. 1986లో లండన్ రాయల్ సొసైటీ ఫెలో. ఇన్ని పదవులు, బిరుదులు వచ్చిన శాస్త్రవేత్త చాలాసార్లు తన పాత సమస్యను శిష్యులకి అప్పగించి మరిచిపోతాడు. ఈయన మరిచిపోలేదు.

ఎయిమ్స్ బృందం పుట్టిన బిడ్డల వైపు చూపు తిప్పింది. ఉత్తరప్రదేశ్ తరాయి జిల్లాల్లో అప్పుడే పుట్టిన పిల్లల రక్తం చుక్కను అద్దుడు కాగితం మీద ఆరబెట్టి ఢిల్లీ తెప్పించి, థైరాయిడ్ హార్మోను కొలిచారు. ఇక్కడ కూడా న్యూక్లియర్ మెడిసినే సాయం. రేడియో ఇమ్యునో అస్సే అనే పద్ధతి అది. రేడియోధార్మిక గుర్తు ఉన్న పదార్థాన్ని పరీక్షనాళికలోని రక్తంతో కలుపుతారే తప్ప బిడ్డ ఒంట్లోకి ఏదీ వెళ్లదు. అతి సూక్ష్మమైన మోతాదుల్ని కూడా పట్టేస్తుంది. దాన్ని కనిపెట్టినందుకు రోజాలిన్ యాలోకి 1977లో నోబెల్ వచ్చింది. ఆ తరాయి పిల్లల్లో హార్మోను లోపం ఢిల్లీ పిల్లలతో పోలిస్తే ఎంతో ఎక్కువని తేలింది. మెడ మీద గడ్డ లెక్కల కంటే ఈ లెక్క ప్రభుత్వాన్ని ఎక్కువగా కదిలించగలిగింది. గడ్డ అంటే వినేవాళ్లు తక్కువ, పిల్లల మెదడు అంటే అందరూ వింటారు.

అదే కాలంలో వైద్య పరిశోధన మండలి మైదాన జిల్లాల్లోనూ సర్వే చేయించింది. కొండలకే పరిమితం అనుకున్న గాయిటర్ మైదానాల్లోనూ ఉందని తెలిసింది. మనది దక్కన్ పీఠభూమి, మనకెందుకు ఈ గొడవ అనుకునే వీలు అక్కడితో పోయింది. దేశమంతా తినే ఉప్పు మొత్తానికీ అయోడిన్ కలపాలన్న నిర్ణయం 1980ల మొదట్లో జరిగింది. ప్రైవేటు తయారీదారులకీ తలుపులు తెరిచారు. 1986 ఏప్రిల్ నుంచి దశలవారీగా అమలు మొదలైంది.

అదే ఏడాది మార్చిలో కాఠ్మండూలో ఒక అంతర్జాతీయ వేదిక మొదలైంది. అయోడిన్ లోపాల నివారణ కోసం డాక్టర్లు, శాస్త్రవేత్తలు కలిసి పెట్టుకున్న మండలి అది. ముప్పై అయిదేళ్ల కిందట మెండోజాకి వెళ్లిన స్టాన్‌బరీ, ఆస్ట్రేలియాకు చెందిన బేసిల్ హెట్జెల్, మన రామలింగస్వామి దాని ముందువరసలో ఉన్నారు. ప్రయోగశాలలో ఉండే మనుషులు యునిసెఫ్‌తో, ప్రభుత్వాలతో, ఉప్పు వ్యాపారులతో ఒకే బల్ల దగ్గర కూర్చోవాల్సి వచ్చింది. వృత్తి సంఘాలంటే ఏడాదికోసారి సభలు, శాలువాలు, గ్రూప్ ఫొటోలు అనుకునేవాళ్లకి ఈ మండలి చరిత్ర చదవమని చెప్పాలి.

పదవీ విరమణ తర్వాతా ఆయన ఊరికే కూర్చోలేదు. 1994లో సూరత్ ప్లేగు భయం దేశాన్ని ఊపేసినప్పుడు నిపుణుల కమిటీకి ఆయనే సారథి. 1996లో యునిసెఫ్ కోసం ఇద్దరితో కలిసి రాసిన వ్యాసంలో, ఆఫ్రికాలోని పేద దేశాల కంటే దక్షిణాసియా పిల్లల్లో పోషకాహార లోపం ఎందుకు ఎక్కువన్న ప్రశ్న తీసుకున్నారు. తిండి గింజల కొరత ఒక్కటే కాదు, ఇంట్లో ఆడవాళ్లకి ఉన్న స్థానం కూడా కారణమన్నది వాళ్ల వాదన. గర్భవతి సరిగ్గా తినకపోతే, బరువు పెరగకపోతే, పుట్టే బిడ్డ మొదటి రోజే వెనకబడిపోతుంది. అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు మన ఇళ్లలో ఇంకా పూర్తిగా పోలేదు.

ఉప్పు డబ్బా దగ్గర

ఇంత కథ విన్నాక వంటింట్లో చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పెద్దవాళ్లకి రోజుకి కావాల్సిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు, గర్భిణులకి 250. చిటికెలో వందో వంతు కూడా కాదు. అయోడైజ్డ్ ఉప్పు ప్యాకెట్ మీద నవ్వే సూర్యుడి గుర్తు ఉంటుంది, చూసి కొనండి. ఉప్పు మన చేతికి వచ్చేసరికి పది లక్షల పాళ్లలో కనీసం 15 పాళ్లు అయోడిన్ ఉండాలన్నది నియమం. మూత గట్టిగా ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టుకోండి. కూర దించే ముందు వేస్తే నష్టం తక్కువ. మన ఇళ్లలో ఆవకాయకీ, ఉప్పు మిరపకాయలకీ కల్లుప్పు వాడతాం. తెలంగాణలో దొడ్డు ఉప్పు అంటాం. అందులో అయోడిన్ ఉందో లేదో ప్యాకెట్ చూస్తే గానీ తెలియదు. పచ్చళ్లకి సరే, రోజువారీ కూరా చారుకి కూడా అదే వాడుతుంటే ఆలోచించాలి. గులాబీ రంగు రాతి ఉప్పు ఆరోగ్యానికి మంచిదని రెట్టింపు ధర పెట్టి కొనేవాళ్లు కూడా లేబుల్ చదవాలి.

అయోడిన్ ఉందని ఉప్పు ఎక్కువ తినమని కాదు. రక్తపోటు ఉన్నవాళ్లు ఉప్పు తగ్గించాల్సిందే. ఆ తగ్గించి తినే ఉప్పు అయోడైజ్డ్ అయితే చాలు. పాలు, గుడ్లు, చేపల నుంచీ కొంత వస్తుంది.

థైరాయిడ్ ఉన్నవాళ్లు అయోడిన్ ఉప్పు మానేయాలని వాట్సాప్‌లో తిరిగే మాట నమ్మి సొంతంగా మానేయకండి. మానేయమని డాక్టర్లు చెప్పే సందర్భం ఒకటుంది. థైరాయిడ్ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక రేడియోధార్మిక అయోడిన్ చికిత్స ఇచ్చే ముందు, ఒకటి రెండు వారాలు అయోడిన్ తక్కువగా ఉన్న ఆహారం తినమంటారు. మిగిలిన కణాలకి ఆకలి పుట్టించి, ఇచ్చిన మందును అవి ఆత్రంగా లాక్కునేలా చేయడానికి. హిమాలయాల్లో జబ్బు తెచ్చిన ఆకలే ఇక్కడ చికిత్సకు పనికొస్తోంది.

చివరి రోజులు

1997లో కేంద్రం అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మకూడదని నిషేధించింది. నిషేధం 1998లో అమల్లోకి వచ్చింది. రెండేళ్లు తిరిగాయో లేదో, ప్రజలు ఏ ఉప్పు తినాలో ప్రభుత్వం శాసించకూడదన్న వాదన మొదలైంది. చిన్న ఉప్పు రైతుల ఇబ్బందులు ముందుకొచ్చాయి. ఆ ఇబ్బందులు ఉత్తవేమీ కాదు. చిన్న మళ్లు చేసుకునే కుటుంబం యంత్రం కొని అయోడిన్ కలపడం తేలిక కాదు. వైద్య నిపుణులు ఎంత మొత్తుకున్నా 2000 సెప్టెంబరులో కేంద్రం నిషేధం ఎత్తేసింది. చట్టం ఆగిపోతే అలవాటు కూడా ఆగిపోతుందని, కాంగ్రా నుంచి కూడబెట్టుకున్నదంతా జారిపోతుందని వాళ్ల భయం. కొన్ని రాష్ట్రాలు తమ పరిధిలో నిషేధాన్ని కొనసాగించాయి.

ఎనిమిది నెలల తర్వాత, 2001 మే 28న, రామలింగస్వామి ఢిల్లీలో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 79 ఏళ్లు. 2005 నవంబరులో కేంద్రం మళ్లీ నిషేధం ప్రకటించింది. 2006 మే 17 నుంచి దేశమంతటా అమలైంది.